అర్ధరాత్రి దాటిన తొమ్మిదో తారీఖు

ఆ వాక్యం మాస్టారు చదివారు. నేను విన్నాను, విని నవ్వాను కూడా. కొన్ని నెలల తర్వాత నలుగురిలో ఆయన్ని "ఆ సంగతి కాగితాల్లో ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగినప్పుడు, ఆయన గుర్తులేదన్నారు. నేను ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. రాసి ఉందని నాకు తెలుసు. చెప్పలేదు.

ఇది జరిగి ఆరేళ్లయింది. దీనివల్ల ఇద్దరికి చెడ్డపేరు వచ్చింది. ఒకరు మాస్టారు. రెండో ఆయన ఎప్పుడో చనిపోయిన మనిషి, ఎలా ఉండేవాడో కూడా మాకెవరికీ తెలియదు. ఇక్కడ ఎవరి పేర్లూ రాయను, ఆఫీసు పేరూ రాయను. తప్పు నాది కాబట్టి నా గురించి రాస్తే సరిపోతుంది.

నాది డీటీపీ పని. పెళ్లి కార్డులు, పరీక్షల గైడ్లు, కోర్టు పిటిషన్లు టైపు చేస్తూ నాంపల్లిలోనే ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. ఒకసారి స్టేషన్ రోడ్డులోని ఒక ఆఫీసులో కొన్ని నెలల కాంట్రాక్టు పని దొరికింది. వందేళ్ల కిందట మన ఊళ్లో ఒక వేధశాల ఉండేదట. దూరదర్శినితో నక్షత్రాలను చూసి, వాటి స్థానాలు కొలిచి రాసుకునే చోటు. అక్కడి సిబ్బంది నెలనెలా రాసిన పనిపత్రాలు ఒక ట్రంకుపెట్టెలో దొరికాయి. వాటిని తెలుగులోకి ఎక్కించి, పట్టికలు చేసి, చిన్న పుస్తకంగా వేయాలి. పత్రాలన్నీ చేతిరాత ఉర్దూ. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చుగానీ చదవటం రాదు. మా తాత అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాటలు బజార్లో తిరిగి నేర్చుకున్నాం, అక్షరాలు నేర్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

అందుకని చదవడానికి మాస్టారిని పెట్టుకున్నారు. గన్‌ఫౌండ్రీలో మూడు తరాలుగా ఉన్న కుటుంబం ఆయనది. తండ్రి సర్కారు కచేరీలో గుమస్తా, ఇంట్లో ఉత్తరాలన్నీ ఉర్దూలోనే నడిచేవట. ఈయన బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు అమ్మేవాళ్లకు పాత ఉర్దూ పుస్తకం ఏది చేతికొచ్చినా, ఇదేం పుస్తకమో చెప్పమని ఈయన దగ్గరకే తెచ్చేవాళ్లు. ఆఫీసుకు ఈయన సంగతి చెప్పింది కూడా వాళ్లలో ఒకడే.

"ఏంది తమ్మీ, నన్ను మాస్టారూ అంటున్నవ్? గీడ అందరు సార్ అంటరు" అన్నారు మొదటి రోజు.

"మా ఇళ్లల్లో అదే అలవాటండి."

"అను, అను. సినిమాల లెక్క మంచిగనే ఉన్నది."

ఆయన ఒక వరుస ఉర్దూలో చదివేవారు, వెంటనే తెలుగులో చెప్పేవారు, నేను టైపు చేసేవాణ్ణి. నెలల పేర్లు అమర్‌దాద్, షహ్రేవర్ అని పాత పద్ధతిలో ఉండేవి. ఆయన జేబులోంచి ఒక చీటీ తీసి, చూసుకుని, ఇంగ్లీషు నెల చెప్పేవారు.

ప్రతి పత్రంలోనూ ఒకే వరుస. నెలలో ఎన్ని రాత్రులు ఆకాశం తేటగా ఉంది, దాన్ని వాళ్లు 'మత్లా సాఫ్' అని రాసేవాళ్లు. ఎన్ని రాత్రులు మబ్బు పట్టింది. దూరదర్శిని అద్దంలో కనిపించే సన్నటి తీగను ఎన్ని నక్షత్రాలు దాటాయి, ఏ క్షణంలో దాటాయి. పెద్ద గడియారం రోజుకు ఎంత వెనకబడుతోంది. గాజు పలకల మీద ఆకాశాన్ని ఎన్నిసార్లు ఫొటో తీశారు, వాటిలో ఎన్ని పాడయ్యాయి. వానాకాలం నెలల్లో చూడటానికేమీ ఉండదు కాబట్టి అప్పటిదాకా చూసినవాటికి లెక్కలు కట్టేవాళ్లు, ఇత్తడి భాగాలు తుడిచేవాళ్లు, గుమ్మటం తలుపు లాగే తాళ్లు మార్చేవాళ్లు. కొత్తగా కనిపెట్టిన గొప్ప సంగతులేవీ లేవు. నెల తర్వాత నెల, అదే పని.

ఇద్దరు సహాయకులు ఉండేవారు. మొదటాయన పొద్దుగూకినప్పటి నుంచి అర్ధరాత్రి వరకు చూసేవాడు. రెండో సహాయకుడు అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా. పేరు ఎక్కడా లేదు, ఆ పదవి మాత్రమే రాసి ఉండేది. మాస్టారికి ఈ రెండో ఆయనంటే ఇష్టం పట్టుకుంది. ఒక నెల పత్రంలో ఆయన 'రెండు పలకల మీది పూత చీమలు తిన్నాయి' అని రాశాడు. మరుసటి నెలలో 'చీమలు మళ్లీ వచ్చాయి' అని. ఆ పై నెలలో 'బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాము' అని.

"మా ఇంట్ల చక్కెర డబ్బాకు గూడ గిదే ఇలాజ్" అని నవ్వారు మాస్టారు. "పాపం, రాత్రంత చుక్కలు, పగలంత చీమలు. గీయన పండుకునేది ఎప్పుడో!"

ఇక ఆ వాక్యం. ఒక్కో ఏడాది పత్రాల దస్తాకు పైన ఒక కాగితం ఉండేది. దాని మీద సిబ్బంది పదవులు, పాటించాల్సిన పద్ధతులు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టారు అలాంటి కాగితం ఒకటి విప్పి, అడుగున ఉన్న వరుస చదివారు.

"తారీఖ్ దోపహర్ సే షుమార్ కీ గయీ హై."

"అంటే ఏమిటండీ?"

"వీళ్ల తారీఖు పగటి పన్నెండు గంటలకు మారుతదట. మనకు అర్ధరాత్రి మారుతది గద, వీళ్లకు మధ్యాహ్నం. రాత్రి పని చేసేటోళ్లు కద తమ్మీ, నడుమల తారీఖు మారితే పరేషాన్. గందుకని రాత్రంత ఒకటే తారీఖు పెట్టుకున్నరు."

"మన ఆఫీసులోనూ అంతే మాస్టారూ. భోజనాలయ్యాకే రోజు మొదలవుతుంది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. నేనూ నవ్వాను. "గిది రాసుకో, పనికొస్తది" అన్నారు. రాస్తానండి అన్నాను. ఇంతలో మా ఆవిడ ఫోన్ చేసింది, గ్యాస్ బండ గురించి. మాట్లాడి వచ్చేసరికి ఆయన తర్వాతి పత్రం విప్పారు. నేను అందులో పడిపోయాను. రాయలేదు. అంతకు మించి కారణమేమీ లేదు. స్కానింగ్ చేసేటప్పుడు కూడా పట్టికలు ఉన్న కాగితాలే చేసి, ఆ పై కాగితాలన్నీ పక్కన పెట్టేశాను. పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి వెళ్లిపోయింది.

వాన, మబ్బు వివరాలకు వేరే పుస్తకం ఉండేది. దాన్ని పగటి గుమస్తా రాసేవాడు, మనలాగే అర్ధరాత్రికి తేదీ మార్చి. ఆ వివరాలనూ నక్షత్రాల వివరాలనూ పక్కపక్కన పెడితే పట్టిక అందంగా ఉంటుందని నాకు తోచింది. నన్నెవరూ అడగలేదు. రెండో సహాయకుడు 'తొమ్మిదో తారీఖు, అర్ధరాత్రి దాటాక' అని రాశాడనుకోండి. వాళ్ల లెక్కలో అది తొమ్మిదో తేదీ రాత్రి గడిచాక వచ్చే తెల్లవారుజాము, అంటే మనకు పదో తేదీ. నేను దాన్ని తొమ్మిదో తేదీ తెల్లవారుజాము గడిలో వేశాను. పూర్తిగా ఒక రోజు వెనక్కి వెళ్లిపోయింది. మొదటి సహాయకుడి పని అర్ధరాత్రికి ముందే ముగిసేది కాబట్టి ఆయన తేదీలకు ఏమీ కాలేదు. తప్పంతా రెండో ఆయన నెత్తిన పడింది.

పని పూర్తయ్యాక ఒక సమావేశం పెట్టారు. ఆఫీసరు మేడం, సలహా కోసం పిలిచిన ఒక రిటైర్డ్ ప్రొఫెసరు, మాస్టారు, నేను. మేడం పట్టికలు తిరగేసి, "ఎంత నీట్‌గా చేశారండీ! ఈ పక్కపక్కన పెట్టే ఆలోచన మీదేనా?" అని నన్ను అడిగారు. నాదేనండి అన్నాను. ఇరవై ఏళ్లలో నా పనిని చూసి అలా అన్నవాళ్లు లేరు. పెళ్లి కార్డులో అచ్చుతప్పు ఉంటే తిడతారు, లేకపోతే తీసుకుని వెళ్లిపోతారు, అంతే.

ప్రొఫెసరు ఒక పేజీ దగ్గర ఆగారు. "తొమ్మిదో తేదీ తెల్లవారుజామున కుండపోత వాన అని ఉంది. అదే టైముకి ఈయన పదకొండు నక్షత్రాలు చూశాడు. గొడుగేసుకుని చూశాడంటారా?"

అందరం నవ్వాం. మాస్టారు కూడా. ప్రొఫెసరు ఇంకో నెల తీశారు, ఇంకోటి తీశారు. అలాంటివి కొన్ని దొరికాయి. అన్నీ రెండో సహాయకుడివే.

"రెండే దారులమ్మా" అన్నారాయన మేడంతో. "ఆయన ఇంట్లో ముసుగు తన్ని పడుకుని రాసైనా ఉండాలి, చదివినవాళ్లు తేదీలు తప్పుగానైనా చదివి ఉండాలి."

మేడం మాస్టారి వైపు తిరిగారు. "సార్, వీళ్లు తేదీలు లెక్కపెట్టిన పద్ధతి ఏమైనా వేరేగా ఉందా? ఆ సంగతి కాగితాల్లో ఎక్కడైనా రాసి ఉందా?"

మాస్టారు గుర్తు చేసుకోబోయారు. "ఉన్నట్టు... లేదు మేడం, యాదికొస్తలేదు. ఉంటే తమ్మి రాసుకునేటోడే."

ఆ మాటతో నాకు అంతా గుర్తొచ్చింది. భోజనం తర్వాతి మధ్యాహ్నం, ఆయన చదివిన తీరు, నా జోకు, గ్యాస్ బండ. ఒక్క ముక్క చెబితే అయిపోయేది. 'మాస్టారు చదివారండి, నేనే టైపు చేయలేదు.' నేను తెర మీద పట్టికను పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను, ఏదో వెతుకుతున్నట్టు.

"కళ్ల ఆపరేషన్ ఎప్పుడైందండీ మీకు?" అని అడిగారు ప్రొఫెసరు, మర్యాదగానే.

"పోయినేడాది సార్."

పుస్తకం ముందుమాటలో ఒక వాక్యం చేరింది. 'రెండో సహాయకుని నమోదుల్లో కొన్ని నమ్మదగినవిగా లేవు. చదవడంలో పొరపాట్లు కూడా జరిగి ఉండవచ్చు.' దాన్ని టైపు చేసింది నేనే. ఒక్క అచ్చుతప్పు కూడా లేకుండా చేశాను.

తర్వాత వచ్చిన పనికి మాస్టారిని పిలవలేదు. నన్ను పిలిచారు. ఆయన చివరి రోజున ఇద్దరం మెట్లు దిగుతుంటే, మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగారు.

"తమ్మీ, ఉర్దూల రెండు, మూడు అంకెలు జర ఒక్కతీరుగనే ఉంటయి. ఏమన్న తప్పు చదివిన్నేమో. నీ పట్టికలు ఖరాబ్ చేసిన, ఏమనుకోకు."

"పర్లేదండి" అన్నాను నేను.

ఈ ఆరేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది సమావేశంలోని మౌనం కాదు, ఈ మాట. మౌనానికి భయం అనో, బిడియం అనో ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. మెట్ల మీద మేమిద్దరమే ఉన్నాం. వినేవాళ్లు లేరు, పోయేదేమీ లేదు. అయినా నేను ఆయన్ని క్షమించాను.

ఆ తర్వాత గన్‌ఫౌండ్రీ వైపు వెళ్లాల్సి వస్తే వేరే దారిన వెళ్లేవాణ్ణి. ఆయన ఫోన్ రెండుసార్లు వస్తే తీయలేదు. మూడోసారి రాలేదు.

ఈమధ్య ఒక ఆదివారం మా అమ్మాయికి పోటీ పరీక్షల పుస్తకం కోసం అబిడ్స్ వెళ్లాను. ఫుట్‌పాత్ మీద జనం. పోస్టాఫీసు దాటాక ఒక పుస్తకాల గుట్ట దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. చిక్కిపోయారు. అమ్మేవాడు అట్ట ఊడిపోయిన ఉర్దూ పుస్తకం ఒకటి ఆయన ముందు పెడుతున్నాడు.

"సారూ, జర గిదేం పుస్తకమో చెప్పున్రి. ఒకాయన అడిగి పోయిండు, మళ్ల వస్తడు."

"నేను చదువుతలేను. వేరేటోళ్లను అడుగు."

"గిదేంది సార్, నా దుకాణం ఇన్నేండ్లు నువ్వే నడిపితివి! పేరొక్కటి చెప్పున్రి, చాయ్ తాపుత."

"చాయ్ తాగుత గని చదువ. నేను చదివింది తప్పయితది" అన్నారు మాస్టారు. జోకులా చెప్పలేదు. పుస్తకాన్ని చేత్తో ముట్టుకోకుండా ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పుడు నన్ను చూశారు.

"అరే, తమ్మీ! మంచిగున్నవా? పిల్లలు మంచిగున్నరా?"

బాగున్నామండి అన్నాను. మీరెలా ఉన్నారంటే, "నాదేమున్నది. మతిమరుపు షురువైందేమోనని మా ఇంటామె దవాఖానలకు తిప్పుతున్నది. డాక్టర్లకేమో ఏం దొరుకుతలేదు. దొరకకుంటే గూడ ఫికరే గద" అని నవ్వారు. నాతో ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఫోన్ ఎందుకు తీయలేదని అడగలేదు.

ఆ రోజు పుస్తకం కొనకుండానే ఇంటికి వచ్చాను. ఆయన్ని అలా చేసింది ముసలితనం కాదని ఆ ఫుట్‌పాత్ మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ముందు పెట్టె ఎక్కడుందో కనుక్కున్నాను. అర్జీ పెట్టి, నాలుగుసార్లు తిరిగాక ఆ దస్తా బయటికి తీశారు. అక్కడి గుమస్తాకు ఉర్దూ వచ్చు. పై కాగితం అడుగున ఉన్న వరుస చదివి వినిపించాడు. మాస్టారు చదివిన మాటలే, అక్షరం తేడా లేదు. దాన్ని ఫొటో తీసుకుని ఇంట్లో కూర్చుని పట్టిక మళ్లీ చేశాను. రెండో సహాయకుడి తెల్లవారుజాములన్నీ ఒక రోజు ముందుకు జరిపాను. వానలో చూసినట్టు కనిపించిన రాత్రులు ఒక్కొక్కటిగా మత్లా సాఫ్ అయ్యాయి. ఒక్కటి మాత్రం కుదరలేదు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. మబ్బుల మధ్య కాసేపు తెరిపి ఇచ్చిందేమో. ఆయన మాట నమ్మడానికే నేను నిర్ణయించుకున్నాను.

ఆఫీసుకు వెళ్లాను. పాత మేడం బదిలీ అయిపోయారు. కొత్త ఆఫీసరు నా ఉత్తరం రెండుసార్లు చదివారు.

"ఇది మీ తప్పని మీరే రాసిస్తున్నారా?"

"అవునండి."

"ఆ పుస్తకం ఎవరు చదువుతారండీ ఇప్పుడు?"

"ఎవరూ చదవకపోయినా ఆ వాక్యం అందులో ఉందండి."

ఆయన సంతకం పెట్టారు. సవరణ చీటీ నేనే టైపు చేశాను. స్టోరులో మిగిలిన పుస్తకాలన్నిట్లో ఆ ముందుమాట పక్కన, జిగురు పూసి నేనే అంటించాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఇంకెప్పుడూ ఆ ఆఫీసు నన్ను పనికి పిలవదని తెలుసు. పిలవలేదు.

ఆ తర్వాత గన్‌ఫౌండ్రీ వెళ్లాను. బ్యాంకు వెనక సందులో ఇల్లు. మాస్టారి భార్య తలుపు తీసి, "రా బిడ్డా, కూసో. గాయన ఇంట్లనే ఉన్నడు" అంది. మంచినీళ్లు ఇస్తూ, "ఏం చెప్పాలె, కాయిదం పట్టుకుంటలేడు. నా మందుల చీటీ గూడ నన్నే చదువుకొమ్మంటడు. ఒకప్పుడు ఊరోళ్ల కాయిదాలన్ని చదివిన మనిషి" అంది. మాస్టారు లోపలి నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

నేను దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. అవేవీ రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ మధ్యాహ్నం, ఆయన చదివిన వరుస, నేను వేసిన జోకు, రాస్తానని రాయకపోవడం, సమావేశంలో నాకు గుర్తొచ్చిన సంగతి. సవరణ చీటీ ఉన్న పుస్తకం టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని తీసుకోలేదు.

ఆమె ముందుగా తేరుకుంది. "అంటే గీయన కండ్లు మంచిగనే ఉన్నయా?"

"బాగానే ఉన్నాయమ్మా. అప్పుడూ బాగానే ఉన్నాయి."

"మరి నేను గీయనను దవాఖానల పొంటి ఎందుకు తిప్పిన బిడ్డా?"



"నువ్వు జర ఆగు" అన్నారు మాస్టారు భార్యతో. తర్వాత నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు, లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి ఎక్కడ తప్పావని అడిగే మాస్టారిలాగే అడిగారు. "ఎందుకు చెప్పలే?"

"మేడం అప్పుడే నా పట్టికలు బాగున్నాయన్నారండి."

"గంతేనా?"

"అంతేనండి."

ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే ఆయనకు తేలికగా ఉండేదేమో. ఉద్యోగం పోతుందనో, ఇంట్లో ఎవరికో బాగాలేదనో. అలాంటిదేమీ నాకు లేదు. కల్పించి చెప్పదలుచుకోలేదు.

కుర్చీలోంచి లేచాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"మాస్టారూ, మీరు సరిగ్గానే చదివారు. రాయనిది నేను, చెప్పనిది నేను. మీ కళ్ల మీద మీకే నమ్మకం పోయేలా చేశాను. మీరు నన్ను మన్నించమన్నప్పుడు కూడా నోరు మూసుకున్నాను. అమ్మా, మిమ్మల్ని కూడా ఇన్నేళ్లు భయపెట్టాను. నాది తప్పే. మీ ఇద్దరినీ క్షమాపణ అడుగుతున్నాను."